పసుపు ఎక్కని బండి

ఆర్మూర్‌లో పసుపు బస్తా ఎక్కించుకోని టాక్సీ ఒకటి ఉండేదంటే ఇప్పటివాళ్లు నమ్మరు. ఈ ఊరి మార్కెట్ యార్డు పసుపుది, లారీలు పసుపువి, గాలి కూడా పసుపుదే. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా ఇక్కడ తెల్లచొక్కా తొడుక్కునే ధైర్యం నాలాంటి బడిపంతుళ్లకు తప్ప ఇంకెవరికీ ఉండదు. అలాంటి ఊళ్లో ధర్మయ్య తన అంబాసిడర్ డిక్కీలోకి కిలో పసుపు కూడా రానిచ్చేవాడు కాదు. "వేరే బండి చూస్కోన్రి" అనేవాడు. ఎందుకని అడిగితే ఇంకోసారి అదే మాట అనేవాడు.

నేను 1989లో భీమ్‌గల్ హైస్కూలుకు లెక్కల టీచరుగా వచ్చాను. కాపురం మాత్రం ఆర్మూర్‌లోనే పెట్టాను. పొద్దున బస్సు ఒకనాడు వస్తే ఒకనాడు రాదు. అందుకని మేం నలుగురు ఉద్యోగస్తులం కలిసి ధర్మయ్య బండి మాట్లాడుకున్నాం. పెద్దవాణ్ణని నాకు ముందు సీటు ఇచ్చారు. పెద్దరికం కాదు, నా కోపానికి దూరంగా కూర్చోవాలని వెనక సీటు వాళ్లు పంచుకున్నారు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ బండి అప్పటికే పాతికేళ్లది. గుండ్రటి ముక్కు, బరువైన తలుపులు, ఎక్కితే మంచం మీద కూర్చున్నట్టు దిగబడే సీట్లు. డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు ఏనాడో విరిగిపోయింది. ధర్మయ్యకు ముల్లు అక్కర్లేదు. ముక్కుతో వాసన పట్టేవాడు, కాలి దగ్గర రేకు మీద అరికాలు ఆనించి చూసేవాడు. చెప్పులు లేకుండా బండి నడిపేది అందుకే. ఇంజన్ వేడెక్కకుండా చూసుకోవడం తప్ప ఆ మనిషికి ఇంకో పని ఉన్నట్టు నాకు అనిపించలేదు.

పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి చూసేవాడు. నీళ్లు వేలి మొదటి గీత దాకా తగలాలి. బోరు నీళ్లు పోయడు, గొట్టాల్లో సున్నం కడుతుందని. వానాకాలంలో రేకుల మీద పడ్డ నీళ్లు డ్రమ్ముల్లో పట్టి, గుడ్డతో వడగట్టి ఏడాది పొడుగునా వాడుకునేవాడు. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కేవాడు. అరంగుళం దిగాలి, అంతకంటే ఎక్కువ దిగితే ఆ రోజు బండి కదలదు. రేడియేటర్ ముందున్న జాలీలో ఇరుక్కున్న పురుగుల్ని, మక్క పొట్టును పాత పళ్ల బ్రష్షుతో తీసేవాడు. అప్పుడు మేం నలుగురం సంచులు పట్టుకుని వీధిలో నిలబడేవాళ్లం.

అంతటితో అయిపోదు. ముప్పావుగంట దారిలో రెండుసార్లు ఆపేవాడు. ఆపగానే ఇంజన్ బంద్ చేయడు, రెండు నిమిషాలు వట్టిగా తిరగనిస్తాడు. ఆ తర్వాత బానెట్ ఎత్తి ఊరికే నిలబడతాడు. నీళ్లు తగ్గాయనిపిస్తే తడి గోనెసంచి మూత మీద వేసి పావు వంతు తిప్పి, ఆవిరి పోయేదాకా ఆగి, అప్పుడు తీస్తాడు. మళ్లీ ఇంజన్ నడిపించి, సన్న ధారగా నీళ్లు పోస్తాడు. మొదటి పీరియడు నాది. హెడ్మాస్టరు నా కోసం వరండాలో గడియారం చూసుకుంటూ ఉండేవాడు.

ఒకనాడు నాకు ఒళ్లు మండి, ఈ ఆగడాల వల్ల ఏడాదికి నా బతుకులో ఎన్ని గంటలు పోతున్నాయో లెక్కగట్టి అతని ముందు పెట్టాను. నూట పన్నెండు గంటలు. ధర్మయ్య శ్రద్ధగా విన్నాడు.

"నిజమే సార్. మస్తు టైమే" అన్నాడు. తర్వాత యథాప్రకారం నీళ్లు పోశాడు.

ఆ మనిషిని తిట్టి గెలవడం కుదరదు. కోపం తెచ్చుకోడు, నవ్వడు, ఊళ్లో పెళ్లయినా చావయినా ఒకే ముఖంతో బండి తోలతాడు. ఒకసారి దసరాకు బండి పూజ చూశాను. ఊరంతా బండ్లకు పసుపు కుంకుమ పెడితే ఇతను కుంకుమ ఒక్కటే పెట్టాడు. అతని భార్య గంగామణి గడపలో కూర్చుని చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. పసుపు లేదేమని నేను వేళాకోళం ఆడాను. ధర్మయ్య ఇంకో టైరుకు బొట్టు పెట్టాడు. ఆమె ఆకు కత్తిరించుకుంటూ పోయింది. ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో గొడవ చప్పుడు నేను వినలేదు, నవ్విన చప్పుడూ వినలేదు. అంత నెమ్మది సంసారం ఆర్మూర్‌లో ఇంకోటి లేదని మా ఇంట్లో మెచ్చుకుని తిట్లు కూడా తిన్నాను.

1997 ఫిబ్రవరిలో ఒక పొద్దున అడ్డా మీద ఎంకటి అనే కుర్ర డ్రైవరు తన జీపు బానెట్ ఎత్తి కాగితం పొట్లం విప్పుతున్నాడు. రేడియేటర్ కారుతోంది. కారితే పసుపు పొడి పోయడం ఈ ఊరి వైద్యం. పొడి నీళ్లలో తిరిగి తిరిగి చిల్లు దగ్గర చేరి గడ్డకట్టి అతుక్కుంటుంది. మెకానిక్కు దగ్గరికి పోయే పని ఉండదు. ఎక్కడ అడిగినా గుప్పెడు ఊరికే ఇస్తారు. నేను వచ్చిన కొత్తలో ఈ తెలివికి ముచ్చటపడి క్లాసులో పిల్లలకు కూడా చెప్పాను.

ధర్మయ్య వెళ్లి ఎంకటి చేతిలోంచి పొట్లం లాక్కుని మోరీలో పడేశాడు.

"ఏమైందే ధర్మన్నా. ఊరంత పోస్తది గదా" అన్నాడు ఎంకటి.

"ఊరంత పోయనీ. నువ్వు పోయకు. గంగాదాస్ మెకానిక్ తానకు పోయి చిల్లుకు టాకా ఏపిచ్చుకో."

అతని గొంతు ఎప్పటిలాగే ఉంది. మోరీలో పడ్డ పొట్లం కొట్టుకుపోయేదాకా మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. ఎనిమిదేళ్లలో ఆ మనిషికి ఏదో ఒకటి తగిలినట్టు నేను చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో నేనొక్కణ్ణే ఉన్నాను. మొదటిసారి ఆపినప్పుడు నేనూ దిగి అతని పక్కన నిలబడ్డాను. పసుపుతో నీకేం పగ అని సూటిగా అడిగాను. చెప్పడనుకున్నాను. బానెట్ కిందికి చూస్తూనే చెప్పాడు.

1984లో ఈ బండి లింగన్న పటేల్‌ది. ఆయన పసుపు వ్యాపారి, ధర్మయ్య ఆయన దగ్గర డ్రైవరు. సీజన్ మంచి ఊపు మీద ఉండగా రేడియేటర్ కారడం మొదలైంది. మెకానిక్ గంగాదాస్ చూసి, విప్పి టాకా వేయాలి, రెండు రోజులు బండి ఇక్కడ వదలమన్నాడు. పటేల్‌కు రోజూ బండి కావాలి. ధర్మయ్య గుప్పెడు పసుపు పోశాడు. కారడం ఆగింది. మూడు రోజులకు మళ్లీ కారింది, మళ్లీ పోశాడు. అలా పది రోజుల్లో నాలుగైదుసార్లు పోశాడు. పసుపు బయటి చిల్లును పట్టినట్టే లోపలి సన్న గొట్టాలనూ పడుతుందని అతనికి తెలియకపోలేదు. గంగాదాస్ చెప్పాడు కూడా. సీజన్ అయిపోనీ అనుకున్నాడు.

ఆ రోజు పటేల్ పంట చూడటానికి నందిపేట్ వైపు పోయాడు. పక్క ఊరే ధర్మయ్య అత్తగారిది. గంగామణి అప్పుడు పసుపు పనులకని పుట్టింట్లో ఉంది. పటేల్‌ను చేన్ల దగ్గర దింపి, ధర్మయ్య అత్తగారింటికి పోయి బండి ఆపాడు. చూస్తే కింద బొట్లు పడుతున్నాయి. బానెట్ ఎత్తి, గుప్పెడు పసుపు ఇయ్యమని ఇంట్లో ఉన్న అత్తకు కేకేశాడు. ఇచ్చారు, పోశాడు.

గంట తర్వాత కల్లం దగ్గర్నుంచి అరుపులు వినబడ్డాయి. గంగామణి తమ్ముడు రాజేశ్వర్, ఇరవై రెండేళ్లవాడు, పసుపు ఉడికే పెద్ద ఇనుప కడాయి అంచున నిలబడి కొమ్ములు తోడుతూ జారి అందులో పడ్డాడు. నడుము దాకా ఉడికిపోయాడు.

తడి దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టారు. గంగామణి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆర్మూర్ దారి పట్టారు. ఆరో కిలోమీటరు దగ్గర, కాలువ మీది వంతెన దాటీ దాటకుండానే ముందునుంచి ఆవిరి లేచింది. ఇంజన్ ఆగిపోయింది. ధర్మయ్య ఆగలేకపోయాడు. గోనెసంచి లేదు, ఏమీ లేదు, ఉత్త చేత్తో మూత తీశాడు. మోచేతి దాకా కాలింది. కాలువ నీళ్లు తెచ్చి పోశాడు. లోపల దారి మూసుకుపోయింది, నీళ్లు తిరగవు. ఒక ఫర్లాంగు పోతే మళ్లీ మరిగింది. మళ్లీ ఆగారు.

"రాజేశ్వర్‌కు తెలివి ఉండె సార్" అన్నాడు ధర్మయ్య. "'బావా, బండి నడుస్తదా' అని అడిగిండు. నడుస్తదన్న. మూడుసార్లడిగిండు. మూడుసార్లు నడుస్తదన్న."

గంటన్నర తర్వాత పసుపు లోడు లారీ ఒకటి వస్తే అందులో ఎక్కించి నిజామాబాద్ పెద్ద దవాఖానకు చేర్చారు. నాలుగో రోజు రాజేశ్వర్ పోయాడు. గంటన్నర ముందు చేరితే బతికేవాడా అని ధర్మయ్య డాక్టరును అడిగాడు. చెప్పలేమన్నాడట డాక్టరు. ఆ మాట పట్టుకుని పదమూడేళ్లు నడిచాడు. బతికేవాడంటే ఒక దారి, బతకడంటే ఒక దారి. చెప్పలేమంటే ఏం చేయాలో అతనికి తోచలేదు.

పుట్టింటివాళ్లు అతన్ని ఒక్క మాట అనలేదు. పాత బండి, ఆగింది, అతను మాత్రం ఏం చేస్తాడనుకున్నారు. పటేల్ కొత్త బండి కొనుక్కుని దీన్ని ధర్మయ్యకే వదిలేశాడు. గంగాదాస్ రేడియేటర్ విప్పి, గొట్టాల్లోంచి ఇనుప కడ్డీతో పొడిచి తీస్తే ఎండిన పసుపు ముద్దలుగా రాలింది. గంగాదాస్ అది చీపురుతో ఊడ్చి బయట పోశాడు తప్ప నోరెత్తలేదు.

"మీ ఆమెకు తెలుసా?" అని అడిగాను.

"తెల్వదు."

"చెప్పలేదా?"

"చెప్తే ఉంటదా సార్? ఒక్కడే తమ్ముడు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. చెప్పెయ్యాలి, పదమూడేళ్లు దాచడం తప్పు, అది మోసం అన్నాను. లెక్కల టీచర్లకు జవాబు ఒక్కటే ఉంటుందనే పిచ్చి ఉంటుంది. అతను గోనెసంచి పిండి ఆరేశాడు.

"గిప్పుడు వండుతది, నేను తింట. చెప్తే గది సుత ఉండదు" అన్నాడు. "నాకు ఏడుపు రాదు సార్. గా దినం చెయ్యి కాలింది గదా, గది సుత నొప్పి తెల్వలే. గప్పటిసంది గట్లనే ఉన్న."

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఆ తర్వాత నెల రోజులు, ఆగిన ప్రతిసారీ, చెప్పావా అని అడుగుతూనే ఉన్నాను. ఆమె వెళ్లిపోతే ఈ మనిషి ఏమవుతాడని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మార్చిలో నాకు నందిపేట్‌లో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. మొదటి రోజు ధర్మయ్య బండిలోనే బయల్దేరాను. వెనక సీట్లో గంగామణి ఉంది. వాళ్ల పుట్టింట్లో పసుపు తవ్వుతున్నారట, నాలుగు రోజులు ఉండి వస్తానంది. కాలువ మీది వంతెన దగ్గర ధర్మయ్య బండి ఆపాడు. బయల్దేరి పది కిలోమీటర్లు కూడా కాలేదు, ఇంజన్ చల్లగానే ఉంది. ఏ వంతెనో నాకు అర్థమైంది.

అతను దిగి బానెట్ ఎత్తలేదు. వెనక తలుపు తీశాడు.

"జర దిగు" అన్నాడు.

ఆమె దిగింది. నేను ముందు సీట్లో ఉండిపోయాను. కిటికీ అద్దం దింపే ఉంది. ఎక్కిద్దామన్నా ఎక్కదు, అది చెడిపోయి ఏడాదయింది. నన్ను పక్కకు పొమ్మని వాళ్లు అనలేదు, నేను పోలేదు.

"రాజేశ్వర్‌ను తెస్తున్న దినం బండి గీడనే ఆగింది గదా" అన్నాడు ధర్మయ్య.

"ఆగింది."

"పాత బండని ఆగలే. రేడియేటర్ల పసుపు పోసిన. పది దినాలసంది పోస్తనే ఉన్న. గొట్టాలు పూడిపోయినయి. గంగాదాస్ ముందే చెప్పిండు, నేనే ఇనలే. గా దినం పొద్దుగాల సుత మీ ఇంట్ల అడిగి పోసిన. గందుకే ఆగింది. నా వల్లనే పోయిండు."

హాజరు పట్టీ చదివినట్టు చెప్పాడు. ఎక్కడా గొంతు ఎక్కలేదు, దిగలేదు.

గంగామణి కాలువ వైపు చూసింది. నీళ్లు నిండుగా పోతున్నాయి. ఆమె ముఖంలో కోపం కోసం చూశాను, ఏడుపు కోసం చూశాను. రెండూ కనబడలేదు.

"నాకెరుకే" అంది.

ధర్మయ్య తల ఎత్తాడు. "ఎట్ల ఎరుక?"

"నువ్వు మూత తీస్తే పసుపు నీళ్లు ఎగిరినయి. రోడ్డంత పసుపే అయింది. నాకు కండ్లు లేవా?"

"గప్పటిసంది ఎరుకనా?"

"గా దినమే ఎరుక."

"మరి ఎన్నడు అడగలే."

ఆమె కొంగు అంచు పట్టుకుని మడతలు వేసింది, బీడీ ఆకు మడిచినట్టు సన్నగా, ఒకదాని మీద ఒకటి.

"పసుపు గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టిందెవరో చూసినవా?"

"మీ అవ్వ గదా."

"మా అవ్వ గుప్పెడే పోసిచ్చింది. తెచ్చి పెట్టింది నేను. కొత్త పసుపు, ఇంట్ల మస్తుగుండె. నీకు మళ్ల మళ్ల అడుగుడు ఎందుకని గిన్నె నిండ పోసిన. నువ్వు ఇంజన్ల తల పెట్టి ఉన్నవు. నన్ను చూడలే."

ధర్మయ్య తెరిచి ఉన్న వెనక తలుపు మెల్లగా మూశాడు.

"నిన్నడిగితే నువ్వు చెప్తవు. నువ్వు చెప్తే నేను సుత చెప్పాలె. గందుకే అడగలే. పొద్దున లేస్తే, ఇయ్యాల చెప్తడేమో, ఇయ్యాల నేను గిన్నె ముచ్చట చెప్పాల్సొస్తదేమో అని భయపడుకుంటనే ఉన్న. మా అవ్వకు ఎరుకైతే నన్ను గడప తొక్కనియ్యదు."

"గిన్నె నిండ పెడితే ఏంది. పోసింది నేను గదా."

"పెట్టింది నేను."

"గుప్పెడు పోసి మిగిలింది ఉంచొచ్చు. అంత పోసిన."

"అంత ఉంటెనే గదా పోసినవు."

ఎవరి తప్పు వాళ్లు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఒకరిది ఒకరికి ఇయ్యడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆమె వెళ్లిపోతుందని అతను భయపడ్డాడు, అతను నోరు విప్పుతాడని ఆమె భయపడింది. ఆ ఇంటి నెమ్మదిని నేను ఎనిమిదేళ్లు మెచ్చుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ముందు సీట్లో, పరీక్ష కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని, యాభై ఏళ్లవాణ్ణి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఆపుకోవడం చేతకాలేదు.

వాళ్లిద్దరూ మాట్లాడటం ఆపి నా వైపు చూశారు. ఇద్దరి కళ్లూ పొడిగా ఉన్నాయి. ధర్మయ్య వచ్చి నా వైపు తలుపు తీశాడు.

"కాలువల మొకం కడుక్కోన్రి సార్" అంది గంగామణి. "పరీక్షకు లేటైతది."